కిందికి గీయించుకున్న గీత

టావరిస్ పెట్‌వే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేటప్పుడు బంతి వంక చూసేవాడు కాదు. స్టేడియం నిండా ఉన్న జనమంతా బంతి మీద కళ్ళు పెట్టుకుని కూర్చుంటే, అతను మాత్రం తనకెదురుగా ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి ఉన్న ఎదురు జట్టు ముందు వరస ఆటగాడి, అంటే గార్డు, వేళ్ళను చూసేవాడు. ఆ వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయంటే వాడు బరువంతా ముందుకు వేశాడన్న మాట. ఇక బంతి చంకన పెట్టుకున్నవాడు మధ్యలోంచి దూసుకొస్తాడు. వేళ్ళు గడ్డిని తాకీ తాకనట్టుంటే వాడు వెనక్కి జరగబోతున్నాడు, బంతి గాల్లోకి లేస్తుంది. ముందు వరస వెనక నిలబడి ఎదురు దాడిని ఆపే లైన్‌బ్యాకర్లలో ఈ కిటుకు తెలియనివాడు ఉండడు. అయితే ఎనభై వేల గొంతుల హోరులో, చెవిలో కోచ్ మాట రేడియోలో గరగరలాడుతుండగా, ఊపిరి తీసి వదిలేంతలో ఆ వేళ్ళను చదివి, పక్కనున్న పదిమందికీ చేతి సైగతో చెప్పి, తాను వెళ్ళవలసిన చోటికి ముందే వెళ్ళి నిలబడగలిగినవాళ్ళు కొద్దిమంది. టావరిస్ ఆ కొద్దిమందిలో ఒకడు.

అతనేమీ భారీ మనిషి కాదు. వేగమూ అంతంతమాత్రమే. అలబామాలో కాలేజీ జట్టుకు ఆడుతున్నప్పుడు చూడ్డానికి వచ్చిన పెద్ద జట్లవాళ్ళందరూ పరుగు చూసి పెదవి విరిచారు. చివరికి, ఎంపిక ముగుస్తూ ఉండగా, ఇంకెవరూ దొరకనట్టు ఒక దక్షిణాది జట్టు తీసుకుంది. రెండో ఏడు తిరిగేసరికి ఆ జట్టుకు మధ్య లైన్‌బ్యాకర్ అతనే. ఎదురు జట్టువాళ్ళు విసుక్కునేవారు. "ఏరా పెట్‌వే, మా మధ్యలో దూరి విన్నావా ఏంటి? మేం అనుకున్నవన్నీ నీకెలా తెలుస్తున్నాయిరా?" అని. "మీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది" అనేవాడు టావరిస్, నోట్లో రబ్బరు పళ్ళ కవచం నములుతూ.

అతని భార్య రెనీటాకు ఈ విద్యంతా తెలుసు. పెళ్ళైన కొత్తలో వంటింటి బల్ల మీద మొక్కజొన్న రొట్టె ముక్కలు వరసగా పేర్చి, అవి ఎదురు జట్టనుకుని, టావరిస్ సైగలు సాధన చేసేవాడు. రెనీటా ఒక ముక్కను అటు జరిపితే అతను పిడికిలి ఎత్తాలి. రెండు ముక్కలు ఇటు జరిపితే అరచెయ్యి పక్కకు విసరాలి. తప్పు చేస్తే ఆ ముక్క రెనీటాది. అతను తప్పు చేసేవాడే కాదు. "ఇలాగైతే నేను పస్తుండాల్సిందే" అని ఆమె కసిరేది.

అప్పట్లోనే ఒకసారి ఆమె అడిగింది, అంత బలంగా గుద్దుకుంటారు కదా, నీకు దెబ్బ తగలదా అని. "ముందే వెళ్ళి నిలబడ్డాననుకో, వాడే వచ్చి నా భుజానికి తగులుతాడు. నా తల పక్కకుంటుంది. ఆలస్యమైతేనే చిక్కు. అప్పుడు నేనే తల దించుకుని వెళ్ళి వాడికి తగలాలి" అన్నాడు. రెనీటా ఆ మాటను పట్టుకుని ఇన్నేళ్ళూ స్టేడియంలో కూర్చోగలిగింది. తన మొగుడు ముందే తెలుసుకునే మనిషి. అందుకే అతని తలకు గండం లేదు. అలా అనుకునేది.

ఇప్పుడు అతనికి ముప్పై నాలుగు. దక్షిణాది జట్టు వదిలి, సరస్సు ఒడ్డునున్న ఈ చలి ఊరి జట్టుకు వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఆకులన్నీ రాలిపోయిన నవంబరు ఆదివారం అది. మూడో భాగంలో, బంతి పట్టుకున్నవాడి మోకాలు వచ్చి టావరిస్ హెల్మెట్‌కు తగిలింది. పెద్ద దెబ్బగా కనిపించలేదు. లేచాడు. గడ్డి దులుపుకున్నాడు. తన చోటికి వెళ్ళి నిలబడి, హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి, కుడిచెయ్యి నేల వైపు ఊపాడు.

పక్కనున్న ఆటగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవడూ కదలలేదు. ఆ సందులోంచి ఎదురు జట్టువాడు తీరిగ్గా పరుగెత్తి చివరి గీత దాటేశాడు.

"మీ ఆయనకేమైందే? ఎవరికి సైగ చేస్తున్నాడు?" అంది, రెనీటా పక్కన కూర్చున్న డెల్ఫీన్. ఆమె భర్త కూడా ఆ జట్టులోనే ఆడతాడు.

రెనీటా మైదానం వంకే చూస్తోంది. ఆ సైగ ఆమెకు తెలుసు. రొట్టె ముక్కల నాటిది. దక్షిణాది జట్టులో, ఎప్పుడో ఉద్యోగం పోయిన పాత కోచ్ పెట్టిన సైగ అది. ఈ మైదానంలో దాన్ని చదవగలిగింది తనొక్కతే.

పైనుంచి ఆటను గమనించే వైద్యులు కూడా ఏదో తేడా పసిగట్టి, టావరిస్‌ను పక్కకు పిలిపించి మైదానం ఒడ్డునున్న పరీక్ష గుడారంలోకి తీసుకెళ్ళారు. అతను మళ్ళీ మైదానంలోకి రాలేదు.

ఆ వారమంతా ఇంట్లో మిస్ ఎర్లీన్ ఉంది. టావరిస్ తల్లి. దక్షిణాదిలో పెద్దావిడను గౌరవంగా అలాగే పిలుస్తారు. చలికాలం మొదలైనా, ఆటలు ముగిసేదాకా కొడుకు దగ్గరే ఉండి ఆకుకూర పంది ఎముకతో ఉడకేసి పెట్టడం ఆమెకు అలవాటు. రెనీటా కూడా ఆమెను అమ్మా అనే పిలుస్తుంది.

మంగళవారం పొద్దున టావరిస్ కారు ఇంటి ముందు ఆగి ఉంది. ఇంజన్ ఆపేసి ఉంది. అతను స్టీరింగ్ మీద చేతులేసుకుని లోపల కూర్చున్నాడు. రెనీటా వంటింటి కిటికీలోంచి చూసి, కాఫీ కాచి, తాగి, కప్పు కడిగి మళ్ళీ చూసింది. అలాగే ఉన్నాడు. బయటికి వెళ్ళి అద్దం మీద తట్టింది.

"ఎక్కడికి బయల్దేరావు?"

టావరిస్ నవ్వాడు. "వెళ్తున్నానా, వచ్చానా అని చూస్తున్నా."

"వేళాకోళమా?"

"వేళాకోళమేలే" అన్నాడు. కానీ దిగలేదు. ఆమె తలుపు తీసి, చెయ్యి పట్టుకుంటేనే దిగాడు. కారు ముందుభాగం మీద చెయ్యి వేసి చూసింది రెనీటా. చల్లగా ఉంది. అతను ఎక్కడికీ వెళ్ళలేదు, ఎక్కడినుంచీ రాలేదు.

లోపలికి వస్తుంటే మిస్ ఎర్లీన్ కొడుకును చూసి, "ఏంట్రా ఆ మొహం? ఆరో ఏటి నుంచీ ఆ తలకాయతో గొడ్డులా పొడుస్తూనే ఉన్నావు. అది ఇనప దిమ్మెరా. మీ నాన్నదీ అంతే, ట్రాక్టర్ మీద పడినా ట్రాక్టరే సొట్టపోయింది" అంది.

"అమ్మా, నువ్వు ఊరుకో" అంది రెనీటా.

"నేనూరుకుంటే నొప్పి ఊరుకుంటుందా అమ్మాయ్? పిల్లాణ్ణి కాస్త నవ్వించనీ."

టావరిస్ నవ్వాడు. తల్లి ఏమందో వినే నవ్వాడా, ఆమె నవ్వింది కాబట్టి నవ్వాడా అన్నది రెనీటాకు తెలియలేదు. ఈమధ్య అలాంటి నవ్వులు ఎక్కువయ్యాయి. ఎదురు మనిషి వేలి కణుపు చూసి మనసులో మాట చెప్పిన మనిషి, ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి ఏం చెయ్యాలో వెతుక్కుంటున్నాడు.

ఆమెకు ఒక్కటే ఆశ ఉంది. గురువారం పరీక్ష. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి మళ్ళీ మైదానంలోకి పంపాలంటే అతను కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాయాలి. మాటలు చూపిస్తారు, కాసేపాగి ఏవేవి చూశావంటారు. బొమ్మలు చూపిస్తారు. రంగు మారగానే మీట నొక్కమంటారు. వచ్చిన ఫలితాన్ని, దెబ్బ తగలకముందు వేసవి శిబిరంలో రాసిన పరీక్షతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆట లేదు. ఈసారి తప్పకుండా తగ్గుతుంది అనుకుంది రెనీటా. అతను పరీక్ష తప్పాలని దేవుణ్ణి వేడుకుంది. ఆదివారం నాటికి ఎవరో ఒకరు కాదంటారు, వచ్చే వారం కూడా కాదంటారు, అలా అలా ఆట మానేస్తాడు, తలలో మిగిలింది మిగులుతుంది. అంతకంటే ఎక్కువ ఆమె కోరలేదు.

గురువారం మధ్యాహ్నం టావరిస్ రెండు సంచుల నిండా కాల్చిన పక్కటెముకల మాంసం కొనుక్కుని ఇంటికొచ్చాడు.

"పాసయ్యా!" అన్నాడు గుమ్మంలోంచే.

మిస్ ఎర్లీన్ చేతులు పైకెత్తి దేవుణ్ణి స్తుతించింది. చేతులు దించి సంచి తెరిచి చూసి, "ఆ కొట్టువాడు మాంసం కాల్చాడా, కాల్చి కక్ష తీర్చుకున్నాడా? ఉత్తరాదివాళ్ళకు నిప్పంటే భయం లేదురా" అంది. అంటూనే ముందు తనే ఒక ఎముక తీసుకుంది.

రెనీటా ఒక్క ముక్క కూడా తీసుకోలేదు. సాయంత్రం అతను వెనక వసారాలో ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చుంది. సరస్సు మీంచి చలిగాలి వీస్తోంది.

"ఎలా పాసయ్యావు టావ్?"

"క్లీఫస్ పుణ్యం" అన్నాడు.

క్లీఫస్ గ్రైమ్స్ టావరిస్‌కు విద్య నేర్పిన పెద్ద లైన్‌బ్యాకర్. మొదటి వేసవి శిబిరంలో కొత్తవాళ్ళను పక్కకు పిలిచి చెప్పేవాడు. "కుర్రాళ్ళూ, ఆ పరీక్షలో తెలివి చూపించకండి. గీత కిందికి గీయించుకోండి. రేపు నీ బుర్ర గిర్రున తిరుగుతున్నా సరే, కిందున్న గీత దాటడానికి పెద్ద కష్టపడక్కర్లేదు." అందరూ అదే చేసేవారు. అది ఆటలో భాగమే అనుకునేవారు. టావరిస్ ప్రతి వేసవీ ఇంటికొచ్చి, పరీక్షలో తాను మొద్దు మొహం ఎలా పెట్టాడో చేసి చూపించేవాడు. "యాపిల్, కుర్చీ, నది, గొడుగు. సార్, నాకు యాపిలొక్కటే గుర్తుంది సార్." అందరూ పడీపడీ నవ్వేవారు. రెనీటా కూడా నవ్వేది. పదకొండు వేసవులు అలా నవ్వుకున్నారు.

"అయితే ఈసారి కూడా ఆ పాత గీతతోనే పోల్చారన్న మాట" అంది రెనీటా.

"ఆఁ."

"అంటే నువ్వు కాస్త ఓపిక పట్టి రాస్తే చాలు, దాటేశావు."

టావరిస్ అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"దాటలేదు రెనీ. సరిగ్గా దాని మీదే నిలబడ్డాను. నాకున్న బలమంతా పెట్టి రాశాను. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ రాశాను. మాటలు నా కళ్ళ ముందే జారిపోతున్నాయి. ఒక్కోదాన్నీ చొక్కా పట్టుకుని లాగినట్టు లాగాను. అయినా, నేను మొద్దులా నటించినప్పుడు ఎంతొచ్చేదో అంతే వచ్చింది. అంతకంటే ఒక్కటి ఎక్కువ రాలేదు."

రెనీటా అతని చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్ నా భుజం తట్టింది. ఏ మార్పూ లేదు, బాగున్నావు, ఆదివారం ఆడొచ్చు అంది."

"పద, ఇప్పుడే చెప్దాం ఆమెకి."

"ఏమని చెప్తావు?" టావరిస్ ఆమె వంక తిరిగాడు. ఈసారి నవ్వు లేదు. "నేనొకప్పుడు తెలివైనవాణ్ణని చెప్తావా? ఎక్కడుంది చూపించమంటే ఏం చూపిస్తావు? పదకొండేళ్ళు నేనే చెరిపేసుకున్నాను కదా."

"అయితే ఆడకు. నువ్వే మానెయ్. నాకోసం."

"మానేసి?" అన్నాడు. "ఇంట్లో కప్పులెక్కడుంటాయో నాకు తెలీడం లేదు. నిన్న నీ చెల్లెలి పేరు కోసం వెతుక్కున్నా. అక్కడ, ఆ గడ్డి మీద, చెవిలో రేడియో మొదలవగానే అన్నీ చోటికి వచ్చేస్తాయి. మొన్నొక్కసారే తప్పాను. అది కూడా లాక్కుంటే నేనెవర్ని రెనీ?"

 అయినా ఆమె ఆశ చావలేదు.

శుక్రవారం పొద్దున ఒక్కతే బయల్దేరి జట్టు వైద్యురాలు డాక్టర్ ఎక్‌హోమ్ గదికి వెళ్ళింది. డాక్టర్ నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే మనిషి. కుర్చీ చూపించింది. రెనీటా కూర్చోకుండానే అంతా చెప్పేసింది. పాత పరీక్షలన్నీ దొంగవని, ఈసారి రాసిందే నిజమని.

డాక్టర్ ఆశ్చర్యపోలేదు. అది చూసి రెనీటా అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"మిసెస్ పెట్‌వే, ఇలా చేసేవాళ్ళుంటారని నాకు తెలుసు. మరీ మొద్దుగా రాస్తే మేం పట్టుకుంటాం. మీ ఆయన తెలివిగా, కొంచెం కొంచెమే తగ్గించుకున్నట్టున్నారు. అన్నిసార్లూ ఒకేలా ఉంది."

"మరి తెలుసు కదమ్మా మీకు! ఆపండి."

"నిన్న ఆయన్నడిగాను. ఎప్పుడూ నిజాయితీగానే రాశానన్నారు. తలనొప్పి లేదన్నారు. వెలుతురు చూస్తే ఇబ్బంది లేదన్నారు. ఒంటికాలి మీద నిలబడ్డారు. నేను ఏం పెట్టుకుని ఆపాలి? ఆయన ఇదివరకు ఇంతకంటే బాగుండేవారని చూపించే కాగితం ఏదైనా ఉంటే ఇవ్వండి, ఈ క్షణమే ఆపేస్తాను."

"ఆట చూడండి" అంది రెనీటా.  "పాత ఆటలు తెప్పించుకుని చూడండి. ఎదురువాడు కదలకముందే ఈయన కదిలేవాడు. ఎవడెటు పోతాడో ముందే వేలు పెట్టి చూపించేవాడు. అది తెలివి కాదా?"

"తెలివే" అంది డాక్టర్. "కానీ ఆట చూసి మెదడు కొలవడం నాకు రాదు. ఆయన్ను తీసుకురండి. ఆయన నోటితో ఒక్క మాట చెప్పించండి. చాలు."

అతను చెప్పడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెనీటా డాక్టర్ గది బయటి వసారాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. పదకొండేళ్ళ ఆట, వందల గంటల వీడియోలు, గోడల మీద ఫొటోలు, ఊళ్ళో పిల్లల ఒంటి మీద అతని అంకె ఉన్న చొక్కాలు. తన భర్త ఎంత చురుకైనవాడో మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. అతనే కానివ్వలేదు.

ఆట చూసి మెదడు కొలవగల మనిషి ఒకడున్నాడని అప్పుడు తట్టింది ఆమెకు. కోచ్ స్ట్రౌడ్. లైన్‌బ్యాకర్లకు పాఠం చెప్పే ముసలాయన. టావరిస్‌ను ఈ ఊరికి పట్టుబట్టి తెచ్చుకున్నది ఆయనే. మెట్లు దిగి సాధన మైదానం పక్క గదికి వెళ్ళింది. కోచ్ చీకటి గదిలో తెర మీద ఆట చూస్తున్నాడు. ఆమెను చూసి తెర ఆపాడు.

"రా అమ్మా, రా. ఎర్లీన్ ఎలా ఉంది? నాకు ఆకుకూర పంపిస్తానని మాటిచ్చి ఏడాదైంది, అడిగానని చెప్పు."

రెనీటా చెప్పింది. కారులో కూర్చున్న సంగతి కూడా చెప్పింది. పాత జట్టు సైగ సంగతీ చెప్పింది.

కోచ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"ఎండాకాలం నుంచీ చూస్తున్నా. అర అడుగు ఆలస్యమవుతున్నాడు. ముందు చూడగానే కదిలేవాడు. ఇప్పుడు చూసి, అనుకుని, కదుల్తున్నాడు. ఆ అనుకోవడం ఉంది చూశావూ, అదే కొత్తగా వచ్చింది. మిగతావాళ్ళకది కనబడదు."

రెనీటా కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళకు ఒక మనిషి తను చూసిందే చూశాడు. పిచ్చిదానివి అనలేదు. కాగితం చూపించమనలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"కోచ్, మీరేదైనా చెయ్యాలి. వాళ్ళెవరూ వినట్లేదు. మీరు చెప్తే కాదనలేడు. ఆ తలతో ఇంక అంత బరువు మొయ్యలేడు."

"మొయ్యలేడు" అని ఒప్పుకున్నాడు కోచ్. లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని చేశావు, చెప్పి. నువ్వు ఇంటికెళ్ళు. నేను చూసుకుంటా."

ఆ సాయంత్రం రెనీటా చాన్నాళ్ళ తర్వాత పీచ్ పండ్లు పిండిలో పెట్టి కాల్చే ‘పై’ అనే తియ్యటి వంటకం చేసింది. "ఎవరి పుట్టినరోజే?" అంది మిస్ ఎర్లీన్. "ఎవరిదీ కాదమ్మా, ఊరికే" అంది.

శనివారం టావరిస్ జట్టు సమావేశం నుంచి వచ్చేసరికి అతని మొహం వాచినట్టుగా ఉంది. కోటు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"హెల్మెట్ తీసేసుకున్నారు" అన్నాడు.

రెనీటా గుండె ఒక్కసారి తేలికైంది. జాలి కూడా కలిగింది. "పోనీలే టావ్" అంటూ దగ్గరికి వెళ్ళింది.

"పోనీలే అంటావేంటి? రేడియో ఉన్న హెల్మెట్ ఆ కుర్ర లైన్‌బ్యాకర్ ఫొనోటీకి ఇచ్చేశారు. నాకు మామూలుది ఇచ్చారు. ఇకమీదట ఎవడెక్కడ నిలబడాలో చెప్పే పిలుపులు వాడివి. సైగలు వాడివి."

"మరి నువ్వు?"

"నన్ను ముందుకు జరిపారు. వరసకు ఆనుకుని నిలబడాలి. బంతి కదలగానే ఎదురుగా ఉన్న సందులోకి తల దూర్చి, ఎవడు కనబడితే వాణ్ణి కూల్చాలి. ప్రతిసారీ అంతే. చదవక్కర్లేదు, చూడక్కర్లేదు. కోచ్ నా భుజం మీద చెయ్యేసి, నీ తలకు బరువు తగ్గిస్తున్నా టావ్ అన్నాడు."

రెనీటా కుర్చీ వీపు పట్టుకుంది. ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బరువు అంటే కోచ్‌కు ఆలోచన. తన మొగుడి తలను ఇన్నేళ్ళూ కాపాడింది ఆ ఆలోచనే. అతను ముందే చదివి, ముందే నిలబడి, భుజంతో అందుకునేవాడు. దాన్ని తీసేశారు. ఇప్పుడు ప్రతిసారీ తల దించుకుని తనే వెళ్ళి తగలాలి.

"నా నోరు తీసేసుకున్నారు రెనీ" అన్నాడు టావరిస్. "తల మాత్రం ఉంచుకున్నారు."

"నేనే చెప్పాను" అంది రెనీటా. "నిన్న కోచ్ దగ్గరికెళ్ళి నేనే చెప్పాను. నిన్ను ఆపేస్తాడనుకున్నా."

అతను లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. మిస్ ఎర్లీన్ పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. టావరిస్ నోరు తెరిచాడు. ఏదో గట్టిగా అనబోయాడు. ఆ మాట దొరకలేదు. వెతుక్కుంటూ అలాగే నిలబడ్డాడు. కోపం మొహంలో ఉంది, పిడికిళ్ళలో ఉంది, నోటి దాకా మాత్రం రాలేదు. చివరికి వంగి, పడిపోయిన కుర్చీని తీసి నిలబెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

"ఏం చేశావే అమ్మాయ్?" అంది మిస్ ఎర్లీన్ మెల్లగా. ఆ గొంతులో వేళాకోళం లేదు.

రెనీటా వెంటనే కోచ్‌కు ఫోన్ చేసింది. ఆయన నొచ్చుకున్నాడు. "నేను అతని బాగు కోసమే కదమ్మా చేశాను. పక్కన కూర్చోబెడితే చచ్చిపోతాడు వాడు, నీకు తెలీదా? ఆడుతున్నాడు, అంతే చాలు. రేపు చూడు" అన్నాడు. డాక్టర్‌కు చేసింది. "ఎవర్ని ఎక్కడ ఆడించాలన్నది నా చేతిలో లేదు మిసెస్ పెట్‌వే" అందామె. ఆ తర్వాత ఫోన్ చెయ్యడానికి రెనీటాకు ఎవరూ మిగల్లేదు.

ఆదివారం మంచు పడుతోంది. టావరిస్ వరసకు ఆనుకుని నిలబడ్డాడు. బంతి కదిలింది. అతను సందులోకి దూరాడు. రెండు హెల్మెట్లు తగిలిన చప్పుడు పై వరసల దాకా వినిపించింది. ఎదురువాడు వెల్లకిలా పడ్డాడు. జనం లేచి నిలబడి అరిచారు. మళ్ళీ బంతి కదిలింది. మళ్ళీ అదే చప్పుడు. ఈ ఊరి జనం ఇన్నేళ్ళూ టావరిస్‌ను గౌరవించారు కాని ప్రేమించలేదు. అతని ఆటలో వాళ్ళ కంటికి కనబడేదేమీ ఉండేది కాదు. ముందే వచ్చి నిలబడ్డవాణ్ణి చూసి ఎవరు చప్పట్లు కొడతారు? ఇవాళ మాత్రం కనబడుతున్నాడు. రెండో భాగం వచ్చేసరికి జనమంతా అతని పేరును రెండు ముక్కలు చేసి, కాళ్ళతో తాళం వేస్తూ అరుస్తున్నారు. "పెట్! వే! పెట్! వే!"

"దేవుడా, మీ ఆయన పాతికేళ్ళ కుర్రాడైపోయాడే!" అంది డెల్ఫీన్, రెనీటా చెయ్యి పట్టుకుని ఊపుతూ. "ఏం పెట్టావే తినడానికి?"

రెనీటా బంతి వంక చూడలేదు. ఒక్కో చప్పుడు తర్వాతా అతను పడ్డ చోటే చూస్తోంది. ప్రతిసారీ అతను లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ, ఎటు తిరగాలో పక్కవాళ్ళను చూసి తిరుగుతున్నాడు. ఎవరూ అది గమనించలేదు. గమనించవలసిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. అతను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కదా.

గెలిచారు. ఆటగాళ్ళు బయటికొచ్చే ద్వారం దగ్గర భార్యాపిల్లలు నిలబడే చోట రెనీటా ఎదురుచూసింది. కోచ్ స్ట్రౌడ్ ముందుగా వచ్చాడు. దూరం నుంచే రెండు చేతులూ చాచాడు.

"చూశావా? చూశావా మన పిల్లాణ్ణి? తలలోంచి ఆ లెక్కలన్నీ తీసేసేసరికి సింహంలా ఆడాడు. ఇలాగైతే ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు. అంతా నీ పుణ్యమే తల్లీ. నువ్వొచ్చి చెప్పకపోతే నాకీ ఆలోచన వచ్చేదే కాదు." ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయాడు.

టావరిస్ వచ్చాడు. కనుబొమ చిట్లి, దాని మీద చిన్న పట్టీ ఉంది. నిన్నటి కోపం జాడ కూడా లేదు. ఆమెను చూసి నవ్వాడు. హాయిగా, నిదానంగా, నిద్ర నుంచి లేచిన పిల్లాడిలా నవ్వాడు.

"బాగుంది రెనీ" అన్నాడు. "నువ్వేం దిగులుపడకు. ఏమీ అనుకోనక్కర్లేదు అక్కడ. ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చాలా బాగుంది."

"ఇంటికి పోదాం" అంది ఆమె.

నడుమెత్తు కంచె అవతల జనం కాచుకుని ఉన్నారు. అతని అంకె ఉన్న చొక్కా వేసుకున్న లావుపాటి మనిషి ఒకడు తన ఫోన్‌ను కంచె మీదుగా రెనీటా చేతిలో పెట్టాడు. "మేడమ్, ఒక్క ఫొటో తీసిపెడతారా? పెట్‌వేగారూ, ఇందాక గుద్దారే, అలా పెట్టండి సార్, నా మీద పెట్టండి!"

టావరిస్ ఏం అడుగుతున్నారో అర్థమైనవాడిలా ఆనందంగా కంచె దగ్గరికి వెళ్ళాడు. మెడ వంచి, తల ముందుకు దించి, కంచె మీదుగా ఆ మనిషి గుండెకు ఆనించాడు. ఆ మనిషి పడిపోతున్నట్టు నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు.

రెనీటా మీట నొక్కింది.

ఆ మనిషి ఫోన్ తీసుకుని చూసుకున్నాడు. "కదిలిపోయింది మేడమ్. ఇంకొక్కటి, దయచేసి."

టావరిస్ తల ఎత్తలేదు. అలాగే వంగి ఉన్నాడు. రెనీటా రెండు చేతులతో ఫోన్ గట్టిగా పట్టుకుని ఇంకొకటి తీసింది.